నమ్మకమే పెట్టుబడి: ఈలింగ్ హాస్య చిత్రాలలోని మోసగాళ్ళు

ఇంగ్లండు బ్యాంకువారి వద్దకు ఒకప్పుడు ఒక రచయిత వెళ్ళినాడు. ఆయన అప్పు కోరలేదు; ఖాతా తెరవలేదు. మీ బంగారాన్ని ఎవరైనా అపహరించదలచుకుంటే ఏ ఉపాయం పన్నవలసి ఉంటుందని మర్యాదగా అడిగినాడు. బ్యాంకువారు పోలీసులకు కబురు పెట్టలేదు. ఆ ప్రశ్నను ఆలోచించుటకై ప్రత్యేకంగా ఒక సంఘాన్నే ఏర్పాటు చేసి, దొంగతనానికి అవకాశమున్న మార్గమేదో ఆయనకు వివరించి పంపినారని ప్రసిద్ధి. ఆ రచయిత పేరు టి. ఇ. బి. క్లార్క్. ఆ సంభాషణ ఫలితంగా రూపొందిన చిత్రం 1951లో వెలువడిన ‘ది లావెండర్ హిల్ మాబ్’.

ఈ ముచ్చట వినగానే ఎవరికైనా నవ్వు వస్తుంది. నవ్విన పిదప ఒక సందేహం కూడా కలుగుతుంది. అపరిచితుడొకడు వచ్చి దొంగతనపు కిటుకు చెప్పుమంటే అంత పెద్ద సంస్థ ఎందుకు చెప్పినది? వచ్చినవాడు పెద్దమనిషివలె కనబడినాడు. అడిగిన తీరు సభ్యంగా ఉన్నది. అంతకు మించి కారణమేమీ అక్కరలేకపోయినది. సభ్యత చూచి మనుష్యులు నమ్ముతారు. నిజాయితీపరుడైన క్లార్క్ ఆ నమ్మకంతో ఒక కథ వ్రాసుకొన్నాడు. అదే నమ్మకం నిజాయితీ లేనివాని చేతిలో పడితే ఏమగునో ఆ కథలో చూపినాడు.

పచ్చిక బయలు ప్రక్కన స్టూడియో

లండను మహానగరానికి పడమటి భాగాన ఈలింగ్ అనే పేట కలదు. అక్కడి పచ్చిక బయలు ప్రక్కన 1902 నుండి చలన చిత్రాలు తీస్తూ వచ్చినారు. 1938లో మైకేల్ బాల్కన్ ఆ స్టూడియోకు అధిపతి అయినాడు. హాలీవుడ్డుతో పోల్చితే అది చాల చిన్న సంస్థ. పెద్ద తారలకు పెద్ద పారితోషికాలు ఇచ్చే స్తోమత దానికి లేదు. రచయితలు, దర్శకులు, ఛాయాగ్రాహకులు నెలజీతాల మీద పనిచేసేవారు. అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుండి ఒకరి కథను ఒకరు చీల్చి చెండాడేవారు. చివరకు కథ నిలిస్తే అది అందరి కథ అయ్యేది. ఈ పద్ధతి చూచి ఆ స్టూడియోను బాల్కన్‌గారి బడి అని పరిహాసంగా పిలిచేవారు. ఆ పేరు తగినదే. బాల్కన్ ప్రధానోపాధ్యాయుని వంటివాడు. క్రమశిక్షణ విషయంలో కఠినుడు, శిష్యుల తెలివిని గుర్తించుటలో ఉదారుడు.

ధనం కొరతగా ఉన్నచోట బుద్ధికి పని ఎక్కువ. సెట్టింగులకు బదులు ఈలింగ్‌వారు లండను వీధులనే వాడుకొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి కూలిన ఇండ్లు, మొండిగోడలు, శిథిలాల నడుమ మొలచిన గడ్డి, ఇవన్నీ ఆ చిత్రాలలో ఉన్నవి ఉన్నట్లుగా కనిపిస్తాయి. 1947లో వచ్చిన ‘హ్యూ అండ్ క్రై’ చిత్రంలో ఆ శిథిలాలే బాలుర ఆటస్థలం. దొంగలు ఒక పిల్లల బొమ్మల పత్రికలో రహస్య సంకేతాలు ఇరికించి పంపుకొంటూ ఉండగా, ఆ పత్రికను శ్రద్ధగా చదివే బాలుడొకడు దానిని పసిగడతాడు. పెద్దలు నమ్మరు, పిల్లలే దండు కట్టి దొంగలను పట్టుకొంటారు. దీనికి కూడ కథ క్లార్క్‌దే, దర్శకత్వం చార్లెస్ క్రైటన్‌ది.

యుద్ధం ముగిసినను బ్రిటనులో కష్టాలు ముగియలేదు. రేషను చీట్లు, వరుసలు, అనుమతి పత్రాలు, నిబంధనలు ప్రజలను విసిగించినవి. మాంసం మీది నియంత్రణ తొలగినది 1954లో మాత్రమే. అటువంటి కాలంలో ‘ఈ నిబంధనలన్నీ ఒక్కరోజు లేకపోతే ఎట్లుండును?’ అనే చిలిపి ఊహను ఈలింగ్ హాస్యం పట్టుకొన్నది. 1949లో వచ్చిన ‘పాస్‌పోర్ట్ టు పిమ్లికో’ చిత్రంలో లండనులోని ఒక పేటవారికి పాత శాసనమొకటి దొరుకుతుంది. దాని ప్రకారం తాము ఇంగ్లండుకే చెందమని తెలియగానే వారు రేషను చీట్లు చింపివేస్తారు. అదే సంవత్సరం వచ్చిన ‘విస్కీ గలోర్’లో ఒక ద్వీపవాసులు, మునిగిపోతున్న ఓడలోని విస్కీని దాచి ప్రభుత్వోద్యోగుల కన్ను కప్పుతారు. నిబంధనను తప్పించుకొనే చిన్న మనిషిని చూచి ప్రేక్షకులు తమను తాము చూచుకొన్నట్లు ఆనందించినారు. ఆ చిన్న మనిషి ఒక అడుగు ముందుకు వేసి నేరం చేస్తే? ‘ది లావెండర్ హిల్ మాబ్’ అక్కడ మొదలవుతుంది.

ఊహాశక్తి లేని గుమాస్తా

కథానాయకుడు హాలండ్ బ్యాంకు గుమాస్తా. కరిగించి శుద్ధి చేసిన బంగారపు కడ్డీలను కార్ఖానా నుండి బ్యాంకుకు మోటారు బండిలో భద్రంగా చేర్చుట అతని పని. సుమారు 20 ఏండ్లుగా ఆ పని చేస్తున్నాడు. గొడుగు, గుండ్రటోపీ, కండ్లజోడు, కొంచెం తడబడే మాట. ఇవి తప్ప అతనిలో చూడదగినదేమీ లేదు. వెనుక ఏదైనా కారు వస్తే చాలు, అనుమానించి బండి ఆపించి అందరినీ విసిగిస్తాడు. పై అధికారులకు అతనిమీద ఉన్న అభిప్రాయం ఏమనగా, మనిషి నిజాయితీపరుడే, కాని ఊహాశక్తి, చొరవ రెండూ లేనివాడు. ఆ మాటను అతని చెవిన పడునట్లుగా అనుటకు కూడ వారు సంకోచించరు.

వారికి తెలియని విషయం ఒకటున్నది. ఆ ఇరవై ఏండ్లూ హాలండ్ బంగారాన్ని గురించియే ఊహిస్తూ ఉన్నాడు. కడ్డీలను కాజేయుట కష్టం కాదు. వాటిని దేశం దాటించుటయే కష్టం. ఆ చిక్కుముడి విడక అతడు కాలం వెళ్ళబుచ్చుచుండగా, అతడుండే లావెండర్ హిల్ వసతిగృహానికి పెండిల్‌బరీ అనే కొత్త మనిషి వస్తాడు. అతడు కళాభిమాని, బ్రతుకుతెరువు కోసం మాత్రం సీసం కరిగించి, మూసలలో పోసి, యాత్రికులు కొనే చిన్న చిన్న బొమ్మలు తయారుచేసే కార్ఖానా నడుపుతాడు. ఆ బొమ్మలలో పారిస్ నగరపు ఐఫిల్ గోపురం నమూనా ఒకటి. అది ఫ్రాన్సుకు ఎగుమతి అవుతుంది. హాలండ్ ఆ సీసపు గోపురాన్ని చేత పట్టుకొని చూచే ఘట్టంలో మాటలు చాల తక్కువ. నేరమనే పదమే వినబడదు. ‘మనమిద్దరమూ నిజాయితీపరులమగుట మంచిదయినది సుమా’ అనే ధోరణిలో ఇద్దరు మర్యాదస్థులు మాటలాడుకొంటారు. ఆ మర్యాద చాటునే ఇద్దరూ దొంగలుగా మారిపోతారు.

తెలుగు పాఠకునికి మోసగాడనగానే ‘కన్యాశుల్కం’లోని గిరీశం జ్ఞాపకం వస్తాడు. గిరీశం బలమంతా నోటిలో ఉన్నది. మాటల గారడితో ఎదుటివానిని ముంచెత్తి, వాడు తేరుకొనేలోగా పని చక్కబెట్టుకొంటాడు. హాలండ్ దీనికి పూర్తిగా విరుద్ధుడు. అతని ఆయుధం మౌనం. ఎవరికీ అబద్ధం చెప్పవలసిన అవసరమే అతనికి కలుగదు. ఇరవై ఏండ్లు నిజంగా నిజాయితీతో పనిచేసినాడు గనుక ఆ నిజాయితీయే అతని కొరకు అబద్ధమాడుతుంది. ఇటువంటి మోసాన్ని కనిపెట్టుట మిక్కిలి కష్టం.

పథకానికి సహాయకులు కావలెను. ఇద్దరు మర్యాదస్థులకు దొంగలెక్కడ దొరుకుతారు? వారు చేసిన ఉపాయం చిత్రంలోని చక్కని హాస్యఘట్టాలలో ఒకటి. రద్దీగా ఉన్న చోట్లకు పోయి, కార్ఖానాలో జీతాల డబ్బున్నదనీ, ఇనప్పెట్టె తాళం పాడయినదనీ గట్టిగా మాటలాడుకొంటారు. పిదప రాత్రి కార్ఖానాలో చీకటిలో కూర్చుండి దొంగల కొరకు ఎదురు చూస్తారు. అనుకొన్నట్లే ఇద్దరు అసలు సిసలైన దొంగలు, లాకెరీ, షార్టీ అనేవారు, కన్నం వేయ వస్తారు. వారిని పట్టుకొని పోలీసులకు అప్పగించుటకు బదులు ఉద్యోగంలో చేర్చుకొంటారు.

ఇంతలో బ్యాంకువారు హాలండ్‌కు ఒక ఉపకారం తలపెడతారు. జీతం పెంచి వేరొక శాఖకు బదిలీ చేస్తామంటారు. ఇన్నాళ్ళకు దొరికిన ఆ మెప్పు అతని పాలిట పిడుగయినది. బంగారానికి దూరమైతే ఊహలన్నీ కుప్పకూలును గనుక పథకాన్ని వెంటనే అమలుపరచక తప్పలేదు. దొంగతనం తడబాట్లతోనే జరుగుతుంది. పెండిల్‌బరీ పరధ్యానంలో ఒక దుకాణం ముందరి చిత్రపటాన్ని చేతపట్టుకొని నడచి, అల్పమైన దొంగతనానికి చిక్కుబడతాడు. కండ్లకు గంతలతో, కట్టిన చేతులతో హాలండ్ థేమ్స్ నదిలో పడతాడు. పోలీసులు రక్షిస్తారు. మరునాటికి అతడు ప్రాణాలకు తెగించి బంగారాన్ని కాపాడబోయిన వీరుడుగా పేరు పొందుతాడు. 10 లక్షల పౌనుల విలువగల బంగారం పెండిల్‌బరీ కొలిమిలో కరగి, చిన్న చిన్న ఐఫిల్ గోపురాలై, పైన రంగు పూసుకొని, ఎగుమతి సరకుగా ఓడ ఎక్కుతుంది.

ఒక అక్షరం చేసిన అల్లరి

పథకం ఎక్కడా చెడలేదు. చెడగొట్టినది ఒక అక్షరం. బంగారు గోపురాలున్న పెట్టెలమీద ‘ఆర్’ అనే గుర్తు వేసి, వాటిని తెరువవద్దని పారిస్‌లోని దుకాణపు స్త్రీకి చెప్పి ఉంచినారు. ఇంగ్లీషువాని నోట ‘ఆర్’ అనే అక్షరం దాదాపు ‘ఆ’ అని వినబడుతుంది. ఫ్రెంచివారు తమ మొదటి అక్షరాన్ని ‘ఆ’ అని పలుకుతారు. ‘ఆర్’ను మాత్రం ‘ఎర్’ అని పలుకుతారు. అందువలన ఆమె వేరొక అక్షరపు పెట్టెలను ముట్టుకోక దాచి, ముట్టరాని పెట్టెను తెరచినది. హాలండ్, పెండిల్‌బరీలు ఐఫిల్ గోపురం పైకి ఎక్కి వచ్చేసరికి, ఆరు బంగారు గోపురాలు ఇంగ్లండు నుండి విహారానికి వచ్చిన బడిపిల్లల చేతులలోకి పోయినవి. ఉచ్చారణ పాఠాన్ని ఇంత గట్టిగా బోధించిన చిత్రం మరొకటి ఉండదేమో!

బాలికలు లిఫ్టులో దిగిపోతూ ఉంటారు. ఇద్దరు నడివయసు పెద్దమనుష్యులు గోపురపు మెలిక మెట్లమీద పరుగెత్తుతారు. తిరిగి తిరిగి దిగుతూ ఉండగా వారికి తల తిరుగుతుంది. భయం పోయి నవ్వు వస్తుంది. పసివాండ్రవలె పగలబడి నవ్వుతారు. ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోమ్ ఆ పరుగును ప్రేక్షకునికి కూడ తల తిరిగేటట్లు చిత్రించినాడు. జీవితమంతా నిటారుగా నడచిన ఇద్దరు మనుష్యులు మొదటిసారి అదుపు తప్పి ఆనందించిన క్షణమది. క్రైటన్ మొదట ఎడిటరు. మైసూరు బాలుడు సాబూ నటించిన 1937 నాటి ‘ఎలిఫెంట్ బాయ్’ చిత్రాన్ని కూర్చినవాడు ఆయనయే. ఎక్కడ కత్తిరించవలెనో, ఎక్కడ ఆగవలెనో తెలిసిన చేతివాటం ఈ మెట్ల ఘట్టంలో స్పష్టంగా కానవస్తుంది.

ఓడరేవులో వారిని ఆపినవారు పోలీసులు కారు. టిక్కెట్టు, పాస్‌పోర్టు, సుంకపు తనిఖీ, ఇట్లా ఒకదాని వెనుక ఒక వరుస అడ్డు తగిలి ఓడ దాటిపోతుంది. నిబంధనల వలన విసిగిన సామాన్య పౌరుని కష్టం దొంగకు కూడ తప్పలేదు. ఇంగ్లండు చేరిన పిదప ఆ బడికి వెళ్ళి అయిదు గోపురాలను సీసపు గోపురాలతో, కొంత రొక్కంతో మార్పిడి చేసుకొంటారు. ఆరవ బాలిక మాత్రం ఒప్పుకోదు. ఆమె దానిని తన స్నేహితుడైన పోలీసు కానిస్టేబులుకు బహుమతిగా ఇవ్వదలచినది. ఎంత ఇచ్చినా ఆమె మనసు మారదు. కోట్ల రూపాయల పథకానికి ఎదురు నిలిచినది ఒక చిన్నపిల్ల సంకల్పం. ఆ పిల్లకు బంగారం సంగతి తెలియదు. మాట తప్పకూడదని మాత్రం తెలుసు.

ఆ గోపురం పోలీసు ప్రదర్శనశాలకు చేరుట, దానిని పరీక్షించుచుండగా హాలండ్ లాగుకొని పరుగెత్తుట, దొంగిలించిన పోలీసు కారులో నుండి తప్పుడు రేడియో కబుర్లు పంపి లండను పోలీసు బండ్లన్నింటినీ ఒకదానితో ఒకటి ఢీకొనునట్లు చేయుట, ఇవన్నీ చివరి అంకం. ఇందులో ఒక చమత్కారమున్నది. 1950లో ఇదే ఈలింగ్ స్టూడియో ‘ది బ్లూ లాంప్’ అనే గంభీరమైన పోలీసు చిత్రాన్ని తీసినది. దాని రచయిత కూడ క్లార్కే. యుద్ధకాలంలో తాత్కాలిక పోలీసుగా పనిచేసిన అనుభవం ఆయనకు ఉన్నది. మరుసటి ఏటనే తన గంభీరతను తానే ఎగతాళి చేసుకొన్న రచయిత ఆయన.

చిత్రం మొదలగునది దక్షిణ అమెరికాలోని ఒక విలాసవంతమైన భోజనశాలలో. అక్కడ హాలండ్ చేతికి ఎముక లేనట్లు దానం చేస్తూ, ఎదుటి ఆంగ్లేయునికి తన కథ చెబుతూ ఉంటాడు. ఆ సమయంలో వచ్చి క్షణకాలం కనబడి వెళ్ళిపోయే యువతి ఆడ్రీ హెప్‌బర్న్. అప్పటికి ఆమెను ఎరిగినవారు తక్కువ. కథ ముగిసి ఇద్దరూ లేచినప్పుడు హాలండ్ చేతికి బేడీ ఉన్నట్లు, దాని రెండవ కొన ఆ ఆంగ్లేయుని చేతికి ఉన్నట్లు తెలుస్తుంది. ఆరు గోపురాల సొమ్ము ఒక్క సంవత్సరపు వైభవానికి సరిపోయినది. ఇరవై ఏండ్ల ఎదురుచూపుకు దొరికిన ఫలం అంతే.

1951 సంవత్సరపు ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా దీనికి బ్రిటిష్ అకాడమీ బహుమతి లభించినది. రచనకు క్లార్క్ ఆస్కార్ బహుమతి పొందినాడు. హాలండ్ పాత్రధారి అలెక్ గిన్నెస్ ఉత్తమ నటుని ఆస్కారుకు ప్రతిపాదితుడైనాడు. ఆ బహుమతి ఆయనను ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ చిత్రానికి వరించినది. 1984 నాటి ‘ఎ పాసేజ్ టు ఇండియా’లో ప్రొఫెసర్ గోడ్బోలే పాత్ర ధరించినది కూడ ఈయనయే. పెండిల్‌బరీ పాత్రధారి స్టాన్లీ హాలొవే తరువాత ‘మై ఫెయిర్ లేడీ’లో డూలిటిల్‌గా లోకప్రసిద్ధుడైనాడు.

ముసలమ్మ ఇంట సంగీతం

నాలుగేండ్ల తరువాత, 1955లో, ఇదే స్టూడియో నుండి ‘ది లేడీకిల్లర్స్’ వచ్చినది. దర్శకుడు అలెగ్జాండర్ మెకెండ్రిక్. రచయిత విలియం రోజ్. ఈ కథ మొత్తం తనకు కలలో కనబడినదని రోజ్ చెప్పుకొన్నాడు. లండనులోని కింగ్స్ క్రాస్ రైలు స్టేషను సమీపాన, రైలు మార్గానికి పైగా, బాంబుల ధాటికి ఒక ప్రక్కకు ఒరిగిన ఇల్లు. అందులో మిసెస్ విల్బర్‌ఫోర్స్ అనే వితంతువు తన చిలుకలతో ఒంటరిగా ఉంటుంది. ఆమె ఇంట ఒక గది అద్దెకు తీసుకొనుటకు ప్రొఫెసర్ మార్కస్ వస్తాడు. తామయిదుగురూ వాద్యకారులమనీ, సాధన చేసుకొనుటకు గది కావలెననీ అంటాడు. తలుపు వేసుకొని గ్రామఫోనుమీద బొకెరీనీ సంగీతం వినిపిస్తూ, లోపల 60,000 పౌనుల దోపిడికి పథకం వేస్తారు. మార్కస్‌గా గిన్నెస్, అతని అనుచరులలో ఒకడుగా అప్పటికి యువకుడైన పీటర్ సెల్లర్స్ నటించినారు.

ముసలమ్మ మాత్రం వారిని నిజమైన సంగీత విద్వాంసులనే నమ్మి, తేనీరు తెచ్చి ఇచ్చుటకు మాటిమాటికీ తలుపు తట్టుతుంది. వెంటనే అయిదుగురూ వాద్యాలు చేతబట్టి శ్రద్ధగా నిలువవలెను. దోచిన సొమ్మున్న పెట్టెను స్టేషను నుండి ఇంటికి తెప్పించుటకు ఆమెనే వాడుకొంటారు; పోలీసుల ఎదుట ఆమె ముఖాన్ని మించిన అనుమతి పత్రం మరొకటి లేదు. అంతా ముగిసి వెళ్ళిపోయే వేళ సెల్లో పెట్టె తలుపులో ఇరుక్కొని, తెరుచుకొని, నోట్లు వర్షమువలె కురుస్తాయి.

ఆమె వారిని బడిపిల్లలను మందలించినట్లు మందలించి, సొమ్ము తిరిగి ఇచ్చివేయుమంటుంది. అప్పుడు ప్రొఫెసర్ ఒక వాదం వినిపిస్తాడు. ఈ సొమ్ము పోయినందువలన ఎవరికీ నష్టం లేదట. బీమా కంపెనీ ఇప్పటికే చెల్లించివేసినదట. ఆ భారమంతా దేశంలోని బీమాదారులందరిమీదా పంచితే తలకొక ఫార్దింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు, మాత్రమే పడునట. ఇప్పుడు తిరిగి ఇస్తే అందరికీ చిక్కేనట! ఈ వాదాన్ని ఉపాధ్యాయులు తరగతిలో విప్పి చూపదగును. నష్టాన్ని అందరిమీద పంచితే అది నష్టం కాదనే మాటను సభ్యమైన గొంతుతో, లెక్కలతో సహా వినిపించుట ఏ కాలపు మోసగానికైనా పరిపాటి. ముసలమ్మకు లెక్క అర్థం కాక తికమకపడుతుంది. అయినను తప్పు తప్పేనని మనసులో స్థిరపడిపోతుంది.

ఆమెను చంపక తప్పదని దొంగలు అగ్గిపుల్లలతో చీట్లు వేసుకొంటారు. వంతు వచ్చినవాడు వచ్చినట్లే తప్పించుకొని సొమ్ముతో పారిపోజూస్తాడు. మిగిలినవారు వానిని చంపుతారు. ఒకరి తరువాత ఒకరు ఇంటి వెనుకనున్న రైలు మార్గంలో పోయే గూడ్సు బండ్లలోకి జారిపడిపోతారు. కడపటివాడైన మార్కస్ తలపై సిగ్నలు చెయ్యి వచ్చి పడుతుంది. ఈ సంహారమంతా జరుగుతున్నంతసేపూ ముసలమ్మ కుర్చీలో కునికిపాట్లు పడుతూ ఉంటుంది. ఆ పాత్ర ధరించిన కేటీ జాన్సన్ చిరకాలం చిన్న చిన్న పాత్రలు వేసిన నటి. ఈ చిత్రానికి గాను వృద్ధాప్యంలో ఉత్తమ బ్రిటిష్ నటిగా బ్రిటిష్ అకాడమీ బహుమతి అందుకొని, 1957లో మరణించినది.

నమ్మినవారు, నమ్మనివారు

రెండు చిత్రాలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు ఒక విశేషం బయటపడుతుంది. ‘లావెండర్ హిల్’ దొంగలు పరస్పరం మోసం చేసుకొనరు. లాకెరీని భార్య పారిస్‌కు వెళ్ళనీయదు. షార్టీకి టెస్టు క్రికెట్టు మ్యాచి చూడవలెనని ఉన్నది. కాబట్టి తమ వాటాను మిత్రులే తెచ్చి ఇస్తారని ఇద్దరూ నిశ్చింతగా ఇంగ్లండులోనే నిలిచిపోతారు. వృత్తిచేత దొంగలైనవారు పెద్దమనుష్యులను నమ్మినారు. ఆ నమ్మకాన్ని ఎవరూ వమ్ము చేయలేదు. ‘లేడీకిల్లర్స్’ ముఠాలో ఒకరినొకరు నమ్మినవారు లేరు. అక్కడ ఎవరూ మిగలలేదు.

మరొక పోలిక ఇంకను లోతైనది. ‘నాన్నా, పులి’ కథ తెలుగు బడిపిల్లలందరికీ తెలిసినదే. లేని పులి వచ్చినదని అరచి నవ్వినవానిని, నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ నమ్మలేదు. ఈలింగ్‌వారు ఆ కథను రెండు విధాల త్రిప్పి చెప్పినారు. హాలండ్ ఇరవై ఏండ్లు ఒక్కసారి కూడ ‘పులి’ అని అబద్ధమాడలేదు. అందువలన చివరకు తానే పులియైనప్పుడు ఎవరూ గుర్తుపట్టలేదు. మిసెస్ విల్బర్‌ఫోర్స్ చిత్రారంభంలోనే పోలీసు ఠాణాకు వెళ్ళి, తన స్నేహితురాలు అన్యగ్రహవాసులను చూచినదని చెప్పిన మాట నిజం కాదనీ, అది కలయనీ వివరించి వస్తుంది. ఠాణాలోనివారు ఆదరంగా విని, చిరునవ్వుతో సాగనంపుతారు. ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పినది కాదు. వయస్సు మీరిన మనిషి గనుక ఆమె మాటకు విలువ లేదు, అంతే. తుదకు దోపిడి సొమ్మంతా తన ఇంటనే ఉన్నదని చెప్పినప్పుడు కూడ అదే చిరునవ్వు ఎదురవుతుంది. ఆ సొమ్ము మీరే ఉంచుకొండని పరిహాసంగా అని పంపివేస్తారు. నేరస్థుని మాట చెల్లినది. సాధ్వి మాట చెల్లలేదు. ఇద్దరి విషయంలోనూ లోకం మనిషిని చూడలేదు. వేషాన్ని, వయస్సును, ఉద్యోగాన్ని మాత్రమే చూచినది.

మోసగాడు చివరిదాక మనకు ప్రియమైనవాడుగా ఉండే చిత్రాన్ని విద్యార్థులకు చూపవచ్చునా అని సంకోచించే ఉపాధ్యాయులు ఉండవచ్చును. ఆ సంకోచం అర్థం లేనిది కాదు. హాలండ్‌ను చూచి నవ్వుతాము. అతడు తప్పించుకొంటే బాగుండుననిపిస్తుంది. చివరి బేడీని చూచి కొంచెం నొచ్చుకొంటాము. ఆ కాలపు చిత్రాలలో నేరస్థుడు శిక్ష తప్పించుకొనుట ఆమోదయోగ్యం కాదు గనుక బేడీ వేసినారని సరిపెట్టుకొనవచ్చును. ఐనను ఆ నొప్పి వ్యర్థం కాదు. ఇరవై ఏండ్లు ఒక మనిషి శ్రద్ధగా పనిచేస్తే అతనిలో ఊహాశక్తి లేదని తీర్మానించిన అధికారులను గూర్చి అది ప్రశ్నిస్తుంది. తరగతి గదిలో వెనుక బల్లమీద మాటలాడక కూర్చుండే విద్యార్థిని గూర్చి కూడ ఆ ప్రశ్న వేసుకొనవచ్చును.

ఈలింగ్ కథ కూడ అదే 1955లో ఒక మలుపు తిరిగినది. స్టూడియోను బి.బి.సి.వారికి అమ్మివేసినారు. ఆ ఆవరణలో బాల్కన్ బృందం తీసిన చివరి చిత్రాలలో ఒకటి ‘ది లేడీకిల్లర్స్’. బ్రిటనునూ, బ్రిటిష్ స్వభావాన్నీ చూపే చిత్రాలు పావు శతాబ్దంపాటు అక్కడ తయారైనవని తెలిపే ఫలకాన్ని బాల్కన్ అక్కడ ఉంచి వెళ్ళినాడు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆ శతాబ్దపు మేటి బ్రిటిష్ చిత్రాలు నూరింటిని ఎంపిక చేసినప్పుడు ‘ది లేడీకిల్లర్స్’కు 13వ స్థానం, ‘ది లావెండర్ హిల్ మాబ్’కు 17వ స్థానం లభించినవి. క్రైటన్ 1988లో, దాదాపు 78 ఏండ్ల వయస్సులో, ‘ఎ ఫిష్ కాల్డ్ వాండా’ అనే చిత్రంతో మరల దొంగల కథకే వచ్చి లోకాన్ని నవ్వించినాడు. ఆ చిత్రంలోని దొంగలు మాత్రం అడుగడుగునా ఒకరినొకరు మోసగించుకొంటారు. ‘ది లేడీకిల్లర్స్’ను 2004లో అమెరికాలో కోయెన్ సోదరులు తిరిగి నిర్మించినారు.

పాత చిత్రపు చివరి దృశ్యం మాత్రం మరపునకు రానిది. మిసెస్ విల్బర్‌ఫోర్స్ ఠాణా నుండి బయటికి వస్తుంది. ఎప్పటివలెనే గొడుగు మరచిపోయినది. లోపలినుండి గుర్తు చేస్తే, ఇక దాని అవసరం లేదు, కావలసినన్ని కొత్తవి కొనుక్కొనగలనని చెప్పి సాగిపోతుంది. కాలిబాటమీద బొమ్మలు గీసి పొట్టపోసుకొనే మనిషి ముందు ఒక నోటు వేసి వెళుతుంది. అతడు నోటును, ఆమెను మార్చి మార్చి చూచి, వెనుకనుండి పిలుస్తాడు. ఆమె వెనుదిరుగదు. చెప్పవలసిన నిజం చెప్పి వచ్చినది. విననివారి తప్పు ఆమెది కాదు.